సరకు దారిలో ఆగిపోతే: రవాణా అంతరాయాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు మిర్చి అయినా, భీమవరం రొయ్య అయినా, జీడిమెట్ల రసాయనం అయినా, అమ్మకం ఖాయమైన రోజుకూ సొమ్ము చేతికందే రోజుకూ మధ్య ఒక లారీ, ఒక యార్డు, చాలాసార్లు ఒక నౌక ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి ఆగినప్పుడు చిన్న, మధ్యతరహా వ్యాపారులు మమ్మల్ని అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాము. ప్రశ్నలు వేరైనా జవాబులు తరచుగా ఒకే చోటికి వస్తాయి: సరకు నిలబడి ఉన్న ఒక్కో రోజుకు ఎవరి డబ్బు ఖర్చవుతుందో లోడు ఎక్కకముందే కాగితం మీద రాసుకున్నారా, లేదా?

ఆలస్యానికీ అంతరాయానికీ తేడా ఏమిటి?

లారీ టైరు పగిలి ఒక పూట ఆగితే అది ఆలస్యం. ఆ లారీని వదిలి మరో లారీ పెట్టినా సరకు కదలదంటే అది అంతరాయం. మొదటిదానికి డ్రైవరుతో మాట్లాడితే సరిపోతుంది, రెండోదానికి కొనుగోలుదారుతో, బ్యాంకుతో, బీమా కంపెనీతో కూడా మాట్లాడవలసి వస్తుంది. చాలామంది అంతరాయాన్ని కూడా రెండు మూడు రోజుల పాటు ఆలస్యంగానే లెక్క వేసుకుంటారు. ఈలోగా పొడిగించుకోవలసిన గడువులు దాటిపోతాయి కాబట్టే ఈ తేడాను ముందుగా చెబుతున్నాము.

మా సరకు చైనాకు, థాయ్‌లాండ్‌కు పోతుంది. ఎర్ర సముద్రంలో గొడవతో మాకేమి సంబంధం?

2023 నవంబరు 19న యెమెన్‌కు చెందిన సాయుధ తిరుగుబాటుదారులు హౌతీలు గెలాక్సీ లీడర్ అనే నౌకను పట్టుకున్న తరువాత, డిసెంబరు నుంచి పెద్ద షిప్పింగ్ కంపెనీలు ఒకదాని వెనుక ఒకటి ఎర్ర సముద్రపు దక్షిణ ద్వారమైన బాబ్ ఎల్ మందెబ్ జలసంధిని, దానితో పాటు సూయజ్ కాలువను వదిలి, ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టి వెళ్లడం మొదలుపెట్టాయి. సింగపూర్ నుంచి రాటర్‌డామ్‌కు ఈ చుట్టుదారిలో దాదాపు 3,500 నాటికల్ మైళ్లు ఎక్కువ, అంటే ఒక వైపు ప్రయాణానికే 10 నుంచి 14 రోజులు అదనం. ఐరోపాకు, అమెరికా తూర్పు తీరానికి రొయ్యలు పంపేవారికి ఆ దెబ్బ నేరుగా తగిలింది. తూర్పు దేశాలకు పంపేవారికి అది కొంత ఆలస్యంగా, మరో రూపంలో తగిలింది.

లెక్క చూడండి. రానుపోను 70 రోజులు పట్టే మార్గంలో వారానికో నౌక నడపాలంటే 10 నౌకలు కావాలి. అదే ప్రయాణం 91 రోజులైతే 13 కావాలి. ఆ అదనపు మూడు నౌకలు ఆకాశం నుంచి ఊడిపడవు, ఎక్కడో మరో మార్గం నుంచి తీసుకురావాలి. పెట్టెల (కంటైనర్ల) సంగతీ అంతే. ఐరోపాకు వెళ్లిన కంటైనరు మూడు వారాలు ఆలస్యంగా తిరిగివస్తే, ఆ మూడు వారాలూ విశాఖపట్నంలో ఖాళీ కంటైనరు కోసం ఎదురుచూసేది మీరు. పైగా మన తూర్పు తీరం నుంచి వెళ్లే పెట్టెలు చాలావరకు కొలంబో, సింగపూర్, పోర్ట్ క్లాంగ్ వంటి చోట్ల నౌక మారతాయి. 2024 మధ్యలో సింగపూర్ రేవు కిక్కిరిసిపోయినప్పుడు, ఎర్ర సముద్రం వైపు తొంగిచూడని సరకు కూడా అక్కడ ఆగింది. కాబట్టి మీ సరకు ఏ దేశానికి పోతుందన్నదే కాకుండా, అది ఎక్కే నౌక, ఆ నౌక మారే రేవు, ఆ పెట్టె అంతకుముందు ఎక్కడ ఉన్నది అన్నవి కూడా మీ వ్యాపారంలో భాగమే.

బుకింగ్ ‘రోల్’ అయిందని ఫార్వర్డరు (నౌకలో చోటు బుక్ చేసే ఏజెంటు) చెప్పారు. ఏమి చేయాలి?

నౌకలో చోటు చాలక మీ పెట్టెను తరువాతి నౌకకు నెట్టారని దాని అర్థం. కోపం వచ్చినా ముందు ఐదు సంగతులు రాతపూర్వకంగా తెప్పించుకోండి: కొత్త నౌక పేరు, వాయేజ్ సంఖ్య (ఆ ప్రయాణపు నంబరు), పెట్టె రేవులోకి చేరవలసిన కటాఫ్ సమయం, మధ్యలో నౌక మారవలసిన చోట ఏ నౌక అందుతుంది, రేవులో అదనంగా పడే అద్దె ఎవరి ఖాతాలో పడుతుంది. ఐదో ప్రశ్నకు జవాబు ఫోనులో చెప్పినంత తేలికగా ఈమెయిల్‌లో రాదు. అందుకే ఈమెయిల్‌లోనే అడగమంటున్నాము.

పెట్టె ఇంకా ఫ్యాక్టరీలోనే ఉంటే దాన్ని రేవుకు పంపకండి. ఒకసారి గేటు దాటి లోపలికి వెళ్లిన పెట్టెను ‘బ్యాక్ టు టౌన్’ అనుమతితో బయటికి తేవడం సాధ్యమే కానీ, దానికి కస్టమ్స్ అనుమతి, రేవు ఛార్జీలు, మళ్లీ లారీ బాడుగ అన్నీ కలిపితే రెండు వారాల అద్దె కంటే ఎక్కువయ్యే సందర్భాలే ఎక్కువ.

వరదకు రహదారి తెగింది, లారీ మధ్యలో ఉంది. మొదట ఏమి చూసుకోవాలి?

2024 సెప్టెంబరు 1, ఆదివారం గుర్తు చేసుకోండి. మున్నేరు పొంగి నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీదికి నీరు వచ్చింది. లారీలో కుదరకపోతే రైలులో పంపుదామనుకున్నవారికి అదీ దొరకలేదు. కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింది కంకర కొట్టుకుపోయి కాజీపేట–విజయవాడ మార్గం కూడా నిలిచిపోయింది. మనం ప్రత్యామ్నాయం అని రాసుకున్నది అసలు దారి ఆగిన వానకే ఆగిపోతే అది కాగితం మీది ప్రత్యామ్నాయమే. ఆ రోజుల్లో పనికొచ్చింది నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా గుంటూరు చేరే దారి. అది దూరమే, కానీ మున్నేరును దాటనవసరం లేదు. మీరు మామూలుగా వాడే దారి ఏయే వాగులను, ఏయే వంతెనలను దాటుతుందో ఒకసారి తీరికగా పటంలో చూసి, వాటిని దాటని మరో దారిని ముందే గుర్తించి ఉంచుకోవడం ఒక సాయంత్రం పని.

లారీ ఆగిన తరువాత మొదట ఆలోచించవలసింది డ్రైవరు గురించి. సరకు యజమానులు గంటకోసారి ఫోను చేసి ఎక్కడున్నావని అడుగుతారు, ఫోనులో ఛార్జింగు ఎంతుందని, తిన్నావా అని అడిగేవారు తక్కువ. డ్రైవరు ఫోను ఆగిపోతే సరకు ఎక్కడుందో చెప్పేవారు ఎవరూ ఉండరు కాబట్టి ఇది దయాదాక్షిణ్యాల మాట మాత్రమే కాదు. తిండికీ డీజిలుకూ వెంటనే డబ్బు పంపండి. లారీని లోతట్టు పొలం పక్కన కాకుండా ఎత్తైన బంకులోనో, టోల్ ప్లాజా దగ్గరో నిలపమనండి. ఆగిన లారీ మీద టార్పాలిన్ పట్టా అంచుల మధ్య నీరు గుంతలుగా నిలుస్తుంది. బండి నడుస్తున్నంతసేపూ ఊపుకు ఒలికిపోయే ఆ నీరే నిలబడినప్పుడు బరువెక్కి, పట్టా కుట్ల దగ్గర సన్నని ధారగా బస్తాల మీదికి దిగుతుంది. గంటకోసారి లోపలి నుంచి కర్రతో పట్టాను ఎత్తి నీటిని తోసేస్తే సరిపోయే పనికి, అది చేయక, పై వరుస బస్తాలన్నీ బూజు పట్టిన లోడులు చూశాము.

ఫోటోలు తీయించండి: మూసిన రహదారి, మీటరు, నంబరు ప్లేటు, సీలు, పట్టా. వాటి అవసరం తరువాతి ప్రశ్నల్లో కనిపిస్తుంది.

దారిలో ఉండగానే ఈ-వే బిల్లు గడువు తీరిపోతే?

₹50,000 దాటిన సరకుకు ఈ-వే బిల్లు (సరకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) తప్పనిసరి అని అందరికీ తెలుసు. దాని చెల్లుబాటు ప్రతి 200 కిలోమీటర్లకు, లేదా అందులో భాగానికి, ఒక రోజు చొప్పున లెక్కిస్తారు. దాదాపు 620 కిలోమీటర్లున్న హైదరాబాద్–విశాఖపట్నం ప్రయాణానికి నాలుగు రోజులు వస్తాయి. గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, తీరిన ఎనిమిది గంటల తరువాత వరకు దాన్ని పోర్టల్‌లో పొడిగించుకోవచ్చు. ప్రకృతి వైపరీత్యం, శాంతిభద్రతల సమస్య, ప్రమాదం, బండి మార్పు వంటి కారణాల్లో ఒకదాన్ని ఎంచుకుని, బండి ప్రస్తుతం ఎక్కడ ఉన్నదీ రాయాలి. ఆ సమయంలో సరకును మోస్తున్న ట్రాన్స్‌పోర్టరే ఈ పని చేయాలి కాబట్టి, అర్ధరాత్రి ఎనిమిది గంటల లెక్క నడుస్తున్నప్పుడు పోర్టల్ తెరవగలిగిన మనిషి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఎవరో ముందే అడిగి ఉంచుకోండి. సరకును మరో లారీకి మార్చితే బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త బండి నంబరు చేర్చాలి.

మరచిపోతే ప్రమాదం ఎంతటిదంటే, జీఎస్టీ చట్టం 129వ సెక్షన్ కింద పట్టుబడిన సరకును విడిపించుకోవడానికి పన్నుకు 200 శాతం జరిమానా కట్టవలసి రావచ్చు. అయితే గడువు తీరడమే పన్ను ఎగవేతకు రుజువు కాదని తెలంగాణ హైకోర్టు చెప్పింది. 2020 జనవరిలో హైదరాబాద్‌లో ఆందోళనల వల్ల దారి మూసుకుపోయి, బిల్లు గడువు తీరిన కాగితం లోడును అధికారులు ఆపిన కేసు అది. సుప్రీంకోర్టు 2022 జనవరిలో ఆ తీర్పును నిలబెట్టి, హైకోర్టు వేసిన ₹10,000 ఖర్చులకు మరో ₹59,000 చేర్చింది. ఆ తీర్పు మీకు అండగా ఉంటుంది. కానీ అది వచ్చేసరికి పట్టిన రెండేళ్లను కూడా లెక్కలో వేసుకుంటే పోర్టల్‌లో పది నిమిషాలు వెచ్చించడమే నయం.

రొయ్యల కంటైనరు రోడ్డు మీద ఆగిపోయింది. లోపల ఎలా ఉందో తలుపు తెరిచి చూడవచ్చా?

వద్దు. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచవలసిన సరకుకు మూసిన తలుపే మొదటి రక్షణ. తెరిచిన కొద్ది నిమిషాల్లో బయటి తేమ లోపలికి వెళ్లి మంచుగా పేరుకుంటుంది, సీలు విరిగితే కొనుగోలుదారుకు సరకును తిరస్కరించే కారణం దొరుకుతుంది. బయటి డిస్‌ప్లేను చూడండి, రెండు గంటలకోసారి సమయంతో సహా ఫోటో తీయించండి, కంటైనరును చల్లగా ఉంచే జనరేటరు (జెన్‌సెట్)లో డీజిల్ ఎన్ని గంటలకు సరిపోతుందో అడగండి. రీఫర్ (శీతల కంటైనరు) కంట్రోలరు ఉష్ణోగ్రతలను తనలో నమోదు చేసుకుంటుంది, సరకు అట్టపెట్టెల మధ్య ఉంచిన డేటా లాగరు విడిగా నమోదు చేస్తుంది. తరువాత వాదన వస్తే మాటల కంటే ఆ రెండు రికార్డులే పనికొస్తాయి.

హాల్టింగ్, డెమరేజ్, డిటెన్షన్: ఇవన్నీ ఒకటేనా? ఎవరు కట్టాలి?

ఒకటి కావు. లారీ నిలబడినందుకు లారీ యజమాని అడిగేది హాల్టింగ్. దిగుమతి పెట్టె ఉచిత రోజులు దాటి రేవులో కూర్చుంటే పడేది డెమరేజ్. పెట్టెను బయటికి తెచ్చి, ఖాళీ చేసి, షిప్పింగ్ కంపెనీకి సకాలంలో అప్పగించకపోతే పడేది డిటెన్షన్. వరద వచ్చినా, సమ్మె జరిగినా మీటరు ఆగదు. ఆపమని మీరు రాసి అడిగితే కొంత తగ్గించవచ్చు, అడగకపోతే ఎవరూ తగ్గించరు.

ఎవరు కట్టాలన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. మనవాళ్లు కంటైనరు సరకుకు కూడా అలవాటుగా ఎఫ్‌ఓబీ (ఫ్రీ ఆన్ బోర్డ్) ధర ఇస్తారు. ఎఫ్‌ఓబీలో సరకు నౌక ఎక్కేదాకా బాధ్యత అమ్మినవారిదే, అంటే బుకింగ్ రోల్ అయి పెట్టె రేవులో పడి ఉన్న రోజులన్నీ మీవే. ఎఫ్‌సీఏ (ఫ్రీ క్యారియర్)లో అయితే ఒప్పుకున్న చోట, ఉదాహరణకు రేవు యార్డులోనో సనత్‌నగర్ వంటి ఇన్‌లాండ్ డిపోలోనో, క్యారియరుకు అప్పగించడంతో మీ బాధ్యత తీరుతుంది. మూడు అక్షరాలు మార్చడానికి కొనుగోలుదారు ఒప్పుకోకపోవచ్చు, కానీ అడగకుండానే వదిలేసేవారే ఎక్కువ.

దేశంలో లారీ రవాణాకు 2007 నాటి రోడ్డు రవాణా చట్టం వర్తిస్తుంది. లోడు బుక్ చేసేటప్పుడు రాసే గూడ్స్ ఫార్వర్డింగ్ నోట్‌లో ఎంతవరకు ఆలస్యాన్ని ఇద్దరూ ఒప్పుకున్నారో రాసుకుంటే, ఆ గడువు లోపలి ఆలస్యానికి ట్రాన్స్‌పోర్టరు బాధ్యత బాడుగ మొత్తానికి పరిమితం. ఆ గడి మన ఊళ్లలో దాదాపు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. సరకు పోయినా పాడైనా, బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపు ట్రాన్స్‌పోర్టరుకు రాతపూర్వక నోటీసు ఇవ్వకపోతే కోర్టుకు వెళ్లే దారి కూడా మూసుకుపోతుంది. “చూద్దాం లెండి, సర్దుకుందాం” అంటూ ఆరు నెలలు గడపడం ఇట్టే జరిగిపోతుంది.

బీమా ఉంది కదా, ఆలస్యం వల్ల వచ్చిన నష్టం ఇస్తారా?

ఇవ్వరు. 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టమే, పాలసీలో వేరుగా రాసుకోకపోతే, ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి బీమా సంస్థ బాధ్యత లేదని చెబుతుంది. ఆ ఆలస్యానికి కారణం బీమా వర్తించే ప్రమాదమే అయినా సరే. సముద్ర రవాణా బీమాలో అన్ని ప్రమాదాలకూ వర్తిస్తుందని అనుకునే ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజ్ ‘ఎ’లో కూడా ఈ మినహాయింపు ఉంది. యుద్ధానికీ సమ్మెకూ విడిగా క్లాజులు కొనాలి, అప్పుడు కూడా సమ్మెకారులు సరకును పాడుచేస్తేనే పరిహారం, మనుషులు పనికి రాక సరకు కుళ్లితే కాదు.

లారీ రవాణాలో మరో గోతి ఉంది. ప్రీమియం తక్కువని ఇన్‌లాండ్ ట్రాన్సిట్ ‘బి’ క్లాజు తీసుకునేవారు ఒకసారి ఆ కాగితం చదవాలి. అందులో అగ్ని, పిడుగు, వంతెన కూలడం, బండి ఢీకొనడం, బోల్తా పడడం ఉంటాయి. వరద నీటిలో సరకు తడవడం ఉండదు. కృష్ణా, గోదావరి పరీవాహకంలో జులై నుంచి అక్టోబరు దాకా లోడులు నడిపేవారు ‘ఎ’ క్లాజు తీసుకోవడమే మంచిదని మా అభిప్రాయం.

ఇంకొక సంగతి. మీ అదుపులో లేని ఆలస్యం వల్ల ప్రయాణం సాగినంత కాలం బీమా సాధారణంగా కొనసాగుతుంది. ధర పెరుగుతుందేమోనని మీరంతట మీరే పెట్టెను గోదాములా వాడుకుంటే మాత్రం కొనసాగదు.

మా సరకుకు ఏమీ కాలేదు. అయినా ‘జనరల్ యావరేజ్’ పేరుతో డబ్బు అడుగుతున్నారు. ఇదేమి న్యాయం?

నౌకనూ సరకునూ కాపాడడానికి పెట్టిన అసాధారణమైన ఖర్చును, నౌక యజమాని, ఆ నౌకలో సరకున్న వారందరూ విలువల నిష్పత్తిలో పంచుకోవాలన్న పాత సముద్ర న్యాయం ఇది. 2021 మార్చి 23న సూయజ్ కాలువలో అడ్డం తిరిగిన ఎవర్ గివెన్‌ను ఆరు రోజుల్లో కదిలించారు. కానీ పరిహారం వివాదంతో ఆ నౌక జులై 7 దాకా ఈజిప్టులోనే ఉండిపోయింది, యజమానులు జనరల్ యావరేజ్ ప్రకటించారు. వార్తల్లో ఆరు రోజులుగా ముగిసిన కథ, ఆ నౌకలో పెట్టెలున్న వారికి మూడున్నర నెలలు సాగింది. బీమా ఉన్నవారి తరఫున బీమా కంపెనీ హామీపత్రం ఇస్తుంది. లేనివారు నగదు డిపాజిట్ కట్టాకే పెట్టె చేతికి వస్తుంది.

ఫోర్స్ మేజర్ (మన అదుపులో లేని సంఘటన) అని చెప్పి ఒప్పందం నుంచి తప్పుకోవచ్చా?

ఒప్పందంలో ఆ నిబంధన ఉంటే, అందులో రాసిన సంఘటనే జరిగితే, రాసిన గడువులోగా నోటీసు ఇస్తే తప్పుకోవచ్చు. నిబంధన లేకపోతే 1872 కాంట్రాక్టు చట్టంలోని 56వ సెక్షన్ మిగులుతుంది, అక్కడ పని అసాధ్యమైపోవాలి. ఖర్చు పెరగడం అసాధ్యం కిందికి రాదని 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

దీనికి వేరుశనగతో ముడిపడిన పాత ఉదాహరణ ఒకటుంది. 1956లో సూడాన్ వేరుశనగను జర్మనీలోని హాంబర్గ్‌కు చేర్చడానికి ఒప్పందం కుదిరింది, నవంబరులో సూయజ్ మూతపడింది. దారి లేదు కాబట్టి ఒప్పందం చెల్లదన్నారు అమ్మినవారు. ఆఫ్రికాను చుట్టి పోవచ్చు కదా, ఖర్చెక్కువైతే అది మీ లెక్క అని 1961లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. అదే కాలువ, అదే చుట్టుదారి, ఈ రోజుకూ అదే వాదన. అందువల్ల ‘దైవాధీన సంఘటనలు’ అని ఒక్క మాట రాసి ఊరుకోకుండా, దారి మళ్లింపు, సర్‌ఛార్జీలు, రేవు మూసివేత వంటివి జరిగితే అదనపు ఖర్చును ఇద్దరూ ఏ నిష్పత్తిలో భరించాలో రాయించుకోండి.

ఎల్‌సీలో చివరి షిప్‌మెంట్ తేదీ దాటిపోతోంది. బ్యాంకు అర్థం చేసుకోదా?

ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్) అంటే కాగితాలు సరిగా ఉంటే సొమ్ము చెల్లిస్తానని కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే హామీ. బ్యాంకు కాగితాలను చూస్తుంది, వరదను చూడదు. తేదీ దాటాక ఎక్కిన సరకుకు డాక్యుమెంట్లలో తేడా ఉందంటుంది. ఎల్‌సీ గడువు బ్యాంకు సెలవు రోజున పడితే మరుసటి పని దినానికి జరుగుతుంది కానీ, ఎల్‌సీలకు అంతర్జాతీయంగా వాడే నియమావళి యూసీపీ 600 ప్రకారం చివరి షిప్‌మెంట్ తేదీ అలా జరగదు. రోల్ అయిందన్న కబురు వచ్చిన రోజే సవరణ కోరండి. కొనుగోలుదారు, జారీ చేసిన బ్యాంకు ఒప్పుకుని కాగితం రావడానికే కొన్ని రోజులు పడుతుంది.

విమానంలో పంపేస్తే పోదా?

మందులకు కుదురుతుంది, మిర్చికి కుదరదు. విమాన రవాణాలో ప్రతి 6,000 ఘన సెంటీమీటర్లను ఒక కిలోగా లెక్కించే పద్ధతి ఉంది కాబట్టి తేలికగా, ఉబ్బుగా ఉండే సరకు అసలు బరువు కంటే ఎక్కువకు బిల్లు తెస్తుంది. మొత్తం ఆర్డరును కాకుండా, కొనుగోలుదారు ఫ్యాక్టరీ ఆగకుండా ఉండడానికి కావలసిన భాగాన్ని మాత్రం శంషాబాద్ నుంచి పంపి, మిగిలినది నౌకలో పంపడం చాలామందికి కలిసివచ్చిన పద్ధతి.

ముడిసరకు నిల్వ ఎంత పెంచుకోవాలి? ట్రాన్స్‌పోర్టర్లు ఇద్దరుంటే చాలా?

రోజుకు 200 కిలోలు వాడే ముడిసరకు మామూలుగా 30 రోజుల్లో వచ్చి, చెడ్డ కాలంలో 50 రోజులు పట్టిందనుకోండి. తేడా 20 రోజులు, అంటే 4,000 కిలోలు. కిలో ₹500 అయితే ₹20 లక్షలు, 12 శాతం వడ్డీకి ఏడాదికి ₹2,40,000. మీ ఫ్యాక్టరీ ఒక్క రోజు ఆగితే ఎంత నష్టమో దాని పక్కన రాసి చూడండి. జవాబు అందరికీ ఒకటి కాదు, ఈ లెక్క వేయకుండా నిల్వ పెంచడమూ, తగ్గించడమూ రెండూ గుడ్డి పనులే.

ఇద్దరు ట్రాన్స్‌పోర్టర్ల విషయంలో ఒక్క ప్రశ్న అడగండి: లారీలు మీవా, అద్దెకు తెస్తారా? ఇద్దరూ ఒకే బ్రోకరు దగ్గర లారీలు ఎత్తేవారైతే మీకు ఉన్నది ఒక్కరే. సమ్మె రోజున అదీ తేలిపోతుంది. ప్రమాదం చేసి పారిపోయిన డ్రైవర్లకు శిక్ష పెంచే హిట్ అండ్ రన్ నిబంధన మీద 2024 జనవరి మొదటి రెండు రోజులు డ్రైవర్లు బండ్లు ఆపినప్పుడు హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. పెట్రోలు తెచ్చేవీ లారీలే అన్న సంగతి ఆ రోజు నగరమంతా గుర్తు చేసుకుంది.

కొనుగోలుదారుకు ఎప్పుడు, ఏమని చెప్పాలి?

కొత్త తేదీ తెలిసేదాకా ఆగుదామనుకుంటే ఆలోగా వారికి వేరే చోటి నుంచి కబురు అందుతుంది. తెలిసినంతవరకు అదే రోజు చెప్పండి. ఈ తరహాలో రాస్తే చాలు: “మీ 240 అట్టపెట్టెల లోడు నిన్న రాత్రి 11 గంటల నుంచి కోదాడ వద్ద ఆగి ఉంది. రహదారి మీద నీరు ఉంది, సరకు పొడిగా ఉంది, ఫోటోలు జతపరిచాము. మిర్యాలగూడ మీదుగా మళ్లించడానికి అదనంగా ₹14,000 అవుతుంది. ఒప్పందం ప్రకారం ఇందులో సగం మీది. మళ్లించమంటారా, నీరు తగ్గేదాకా ఆపమంటారా, మధ్యాహ్నం రెండు గంటలలోగా చెప్పగలరు. కొత్త తేదీ తెలియకపోయినా సాయంత్రం ఆరు గంటలకు మళ్లీ రాస్తాము.”

ఆరు గంటలకు చెప్పడానికి కొత్తగా ఏమీ లేకపోయినా, లేదనే రాయండి.